గవరయ్య, ఇంకొకరు

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ పూజ ఊరంతా చెబుతుంది. చేపలమ్మే ఆమె తూకం దగ్గర నుంచి పక్కింటివాళ్ల నవ్వు దాకా నాకు దేని మీదా నమ్మకం లేదట. నిజమే. ప్రోగ్రాములు రాసేవాడు ఎక్కడో తప్పుందని నమ్మి వెతకాలి. నమ్మనివాడికి ఏమీ దొరకదు.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్‌కి బోట్లు నడిపే ఒక చిన్న కంపెనీలో టికెట్ల సాఫ్ట్‌వేర్ చూసేది నేనే. ఆఫీసు అబర్డీన్ బజార్‌లో, మేడ మీద. కింద టికెట్ కౌంటర్. ఏ టికెట్ కొట్టినా దాని వివరాలు లాగ్ ఫైల్లో పడతాయి, రేపు ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి. మొదట్లో ఒక్కో టికెట్ రెండు తెరల పొడుగున పడేది. పేర్లు, వయసులు, ఫోన్లు, ప్రయాణానికి కారణాలు, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు రాసే ముక్కలు. ఆ చాటభారతంలో ఒక్క తప్పు వెతకాలంటే తలప్రాణం తోకకొచ్చేది. మేనేజరు ఉదయ్‌కుమార్ గారు విసుక్కున్నారు.

"ఇదంతా ఎవడు చదువుతాడయ్యా ఫణీ? ఒక్క లైన్లో తేల్చు."

అప్పుడు ఒక ఫంక్షన్ రాశాను. దాని పేరు పొట్లం. ఎంత వివరాన్నైనా ఒక్క లైన్లోకి చుట్టేస్తుంది. పేర్ల జాబితా ఉంటే మొదటి పేరు చూపించి, మిగతావాళ్లు ఎందరో అంకె వేస్తుంది. లోపల ఇంకేమైనా ఉంటే విప్పకుండా మూడు చుక్కలు పెట్టి ఊరుకుంటుంది. అసలు వివరాలు సిస్టమ్‌లో భద్రంగానే ఉంటాయి, లాగ్‌లో కనిపించవు, అంతే. రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

సరిగ్గా పొట్లాన్ని సిస్టమ్‌లోకి ఎక్కించిన రోజే మా పెద్దమ్మ సీతారత్నం డిగ్లీపూర్ తిరిగి వెళ్లింది. ఇక్కడ కంటి ఆపరేషన్ చేయించుకుంది, ఇంకా కట్టు విప్పలేదు. తోడు రమ్మని అడిగింది. పనుందన్నాను. ఇక్కడే డిగ్నాబాద్‌లో మా ఇంటి ముందు ఆటో ఎక్కించి మా కంపెనీ బోటుకి పంపేశాను. మర్నాడు ఫోన్ చేసి, ఎవరో పెద్దాయన గుమ్మం దాకా దిగబెట్టాడని మురిసిపోయింది.

"ఊరికే ఎవరు దిగబెడతారు పెద్దమ్మా? సంచీలో అన్నీ ఉన్నాయో లేదో చూసుకో" అన్నాను.

ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండు నెలలు గడిచాయి. మా ప్రతి బోటులో రెండు సీట్లు ఆఖరి నిమిషం దాకా అమ్మకుండా ఉంచుతారు, అవసరం పడ్డవాళ్లకోసం. అవి తమకెప్పుడూ దొరకడం లేదని టూరిస్టు ఏజెంట్లు గోల పెట్టారు. ఎవరికి పోతున్నాయో చూడమన్నారు ఉదయ్‌కుమార్ గారు. లాగ్ తెరిచి ఆ సీట్లవరకే వడగట్టాను.

[గవరయ్య, +1]. కింద మళ్లీ [గవరయ్య, +1]. దాని కింద మళ్లీ అదే. మొత్తం ఇరవై రెండు లైన్లు. అన్నీ కింద కౌంటర్‌లో కూర్చునే లహరి కొట్టిన టికెట్లే.

గవరయ్య ఎవరో నాకు తెలుసు. ఓడల్లో ఖలాసీగా చేసి రిటైరైన మనిషి, లహరి తండ్రి. ఊళ్లో ఉన్నరోజు కూతురికి టిఫిన్ డబ్బా తెచ్చిస్తాడు. రిటైరైనవాడికి రెండు నెలల్లో ఇరవై రెండుసార్లు డిగ్లీపూర్‌లో ఏం పని? ఆ ఇంకొకరు ఎవరు? తండ్రి పేరు మీద సీటు పట్టి పక్క సీటు ఎవరికో కట్టబెడుతున్నారన్నమాట!

ఆ రోజు నుంచి లహరిని ఓ కంట కనిపెట్టాను. మెట్లు దిగి కౌంటర్ వైపు వెళ్తే చాలు, సొరుగు గభాలున మూసేసేది. ఒకసారి ఫోన్‌లో గొంతు తగ్గించి, "రేపు ఒకరున్నారు నాన్నా. తెల్లారే వచ్చీ" అంటూ నన్ను చూసి ఆపేసింది. నాకు ఒళ్లు మండింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి కాంట్రాక్టు ఉద్యోగుల రెన్యువల్ కాగితాల మీద సంతకాలు. అందులో లహరిదీ ఉంది. పొద్దున పదింటికే ఆ ఇరవై రెండు లైన్లూ ఒక్క పేజీలో ప్రింటు తీసి ఉదయ్‌కుమార్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, లహరి కాగితం కట్టలోంచి తీసి పక్కన పడేశారు.

"శభాష్. ఇలా ఉండాలి రిపోర్టంటే" అన్నారు.

వార్త కిందికి పాకడానికి ఎంతసేపు? లహరి మేడెక్కి వచ్చింది. ముఖం కందగడ్డలా ఉంది.

"భయ్యా, పూరా చూసేవా? లోపలేటి రాసున్నదో చూసేవా?"

"చూడాల్సింది చూశాను."

"నువ్వు చూణ్ణేదు. ఠీక్ హై" అని దిగి వెళ్లిపోయింది.

ఆ ధీమా చూసి నాకు ఇంకో అనుమానం వచ్చింది. లోపలున్నది ఈపాటికి మార్చేసిందేమో! ఆ పక్క సీట్లలో ఎవరెవరు వెళ్లారో పేర్లతో సహా పట్టుకుంటే ఇక నోరెత్తలేదు. పొట్లాన్ని పక్కనపెట్టి, ఆ టికెట్లన్నీ ఆసాంతం విప్పి చూపించేలా నాలుగు లైన్లు రాశాను. నడిపాను. నలభై పేజీలు వచ్చాయి.

మొదటిది చదివాను.

తోడు: గవరయ్య. పేషెంటు: సీతారత్నం, 71. కారణం: కంటి ఆపరేషన్, ఒంటరిగా ప్రయాణం చేయరాదు. చుట్టరికం: ఏమీ లేదు. దిగాక: ఇంటి వరకు. కౌంటర్ మాట: ఊళ్లో చెల్లెలి కొడుకు ఫణికుమార్ ఉన్నాడు. పనిలో ఉన్నాడు, పిలవొద్దని పెద్దామె చెప్పింది.

మళ్లీ మొదటి నుంచి చదివాను. జబ్బు మనిషి మా బోటెక్కాలంటే పక్కన ఒకరుండాలని రూలు. ఆ తోడు మనిషి పేరే ముందు రాస్తారు, ఏదైనా జరిగితే పలకాల్సింది అతనే కాబట్టి. టికెట్ ఫారంలో ఆ వరసలో గళ్లు పెట్టింది నేను. మొదటి పేరు ఒక్కటే చాలని కోసేసింది కూడా నేనే. మిగతా ఇరవై ఒక్కటీ చదివాను. డయాలసిస్ ముసలాయన, కాలు విరిగిన టీచరు, బిడ్డను పోగొట్టుకుని ఆస్పత్రి నుంచి ఒక్కతే వెళ్తున్న అమ్మాయి. అందరి దగ్గరా అదే మాట. చుట్టరికం: ఏమీ లేదు.

రెండున్నరకు నలభై పేజీలూ పట్టుకుని ఉదయ్‌కుమార్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"పొద్దున ఒక్క పేజీ ఇచ్చావు. ఇప్పుడీ దస్తా ఏంటి? నాకంత టైము లేదు ఫణీ. ఒక్క పేజీ ఇయ్యి, లేదా వదిలెయ్."

గదిలోకి తిరిగి వచ్చాను. ఇరవై రెండింటిలో ఏదో ఒకటి. కాలు విరిగిన టీచరుది తీయొచ్చు. అది చాలు, ఆయన నమ్ముతారు, నా పేరు బయటికి రాదు. చెయ్యి దాని మీదికే వెళ్లింది కూడా. అలా వెళ్లినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మొదటిదే ప్రింటు తీశాను, ఒక్క అక్షరం కొయ్యకుండా.

ఉదయ్‌కుమార్ గారు అద్దాలు సర్దుకుని చదివారు. ఆఖరి లైన్ రెండుసార్లు చదివారు.

"ఈ ఫణికుమార్..."

"నేనే సార్."

ఆయన పక్కన పడేసిన కాగితం మళ్లీ కట్టలో పెట్టి సంతకం చేశారు.

కిందికి దిగాను. లహరి సొరుగు తెరిచే ఉంది. అందులో ఆస్పత్రి చీటీలు, రేపెవరికి తోడు కావాలో పేర్లు రాసుకున్న పుస్తకం.

"మరి సొరుగు ఎందుకు మూసేదానివి?" అన్నాను.

"నీ పెద్దమ్మ పేరు అందులోనే ఉన్నది కదా. నువ్వు చూస్తే సిగ్గుపడతావని."

"సారీ దీదీ." నాకంటే పదేళ్లు చిన్నదాన్ని అలా పిలవడం అదే మొదటిసారి.

"నాతో కాదు. దొంగన్నది మా నాన్నని. నేను నాన్నకి చెప్పలేదు, చెప్పను. నువ్వే వెళ్లి చెప్పు. జెట్టీ దగ్గరున్నాడు."

వెళ్లాను. గవరయ్య అప్పుడే బోటు దిగి, చేతిసంచి కాళ్ల దగ్గర పెట్టుకుని టీ తాగుతున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు నా పేరు చెప్పాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓలమ్మ, సీతారత్నమ్మగోరి బాబువా నువ్వు? దారంతా నీ గురించే సెప్పింది. కంపూటర్లో పెద్దోడివట కదా! ఔను బాబూ, ఆ కన్ను ఎలాగుంది? బాగా అగుపిస్తున్నదా?"

సంచీ చూసుకోమన్న ఆ రోజు తరవాత నేను పెద్దమ్మకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. ఆ కన్ను ఎలా ఉందో నాకు తెలియదు.