లైసెన్సుల కిటికీ

మెత్తటి గుడ్డతో ఒక్కో లైసెన్సునూ తుడిచి, నంబరు చూసి, సంచీలో వేస్తోంది రెమెడియోస్. ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరపు ట్రాఫిక్ ఆఫీసులో, తప్పు చేసిన డ్రైవర్ల దగ్గర పోలీసులు గుంజుకొచ్చిన లైసెన్సులకు ముప్పై ఒక్కేళ్ళుగా ఆమే కాపలా. పొట్టి మనిషి, వంగిన మెడ, రబ్బరు బ్యాండ్లు తీసీ వేసీ కాయలు కాచిన వేళ్ళు. పోలీసు ఇచ్చిన చీటీ తెచ్చి, జరిమానా కట్టినవాడికి లైసెన్సుతో పాటు నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపేది. ఆ చీవాట్లకు అలిగిన డ్రైవరు ఇంతవరకు లేడు.

రేపటినుంచి రూలు మారుతోంది. రోడ్డు మీద లైసెన్సు గుంజుకోరు, జరిమానా రాసి వదిలేస్తారు. మంచి రూలే, ఎప్పుడో రావలసింది అని ఆమే అంటుంది. ఇక కిటికీ ఉండదు, ఆమె ఉద్యోగమూ ఉండదు. ఈ సాయంత్రం ఐదింటిలోగా ఎవరూ తీసుకోని లైసెన్సులు మనీలా వెళ్ళిపోతాయి. అక్కణ్ణుంచి తెచ్చుకోవాలంటే రెండు నెలలు తిరగాలి.

నాలుగున్నరకు, సంచీలన్నిటికీ సీళ్ళు పడ్డాక, ఊళ్ళో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి డ్రైవరు ఎర్మినియో రొప్పుతూ వచ్చాడు. అతని చేతిలో పోలీసు చీటీ ఉంది, కానీ ఉత్త తెల్లకాగితం. వారం పాటు ఆ చీటీయే లైసెన్సు కాబట్టి జీపు అద్దానికి అంటించుకున్నాడు. ఎండకు నంబరుతో సహా అక్షరాలన్నీ ఎగిరిపోయాయి.

"ఇదేంటి తోతో, చీటీని ఎండుచేపలా ఎండబెట్టావా?" అందామె. కుర్ర డ్రైవర్లందరూ ఆమెకు తోతోలే, ఆమె అందరికీ మానాంగ్, అంటే అక్క.

"దూరం నించే పోలీసులకి కనబడాలని మానాంగ్. మేమంతా అలాగే అంటిస్తాం. రెండు నెలలు తోలకపోతే ఓనరు బండి ఇంకొకడికి ఇచ్చేస్తాడు. నాకు వేరే పని రాదు."

వెనకనుంచి ఆఫీసరు విల్యార్ అన్నాడు: "నంబరు లేదు, ఏ సంచీలో ఉందో తెలీదు, సీళ్ళు వేసేశాం. విప్పితే మీమీద రిపోర్టు రాయాలి మానాంగ్. మీ పింఛను కాగితాలు ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి."

రెమెడియోస్ ఎర్మినియో ముఖంలోకి చూసింది. "లైసెన్సు కవరు వెనక పాప ఫొటో పెట్టుకున్నావు కదూ? ముందు పళ్ళు లేని పిల్ల."

అతను తలూపాడు.

రోజూ దుమ్ము తుడిచేటప్పుడు ఆమె ప్రతి లైసెన్సు మీది ముఖమూ చూసి, కవరు వెనక్కి తిప్పి కూడా చూసేది. అలా చూడమని ఏ రూలూ చెప్పలేదు. ఆ పాప ఫొటో ఏ సంచీలో వేసిందో ఆమెకు గుర్తే. మూడో సంచీ సీలు కత్తిరించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, రెండు నిమిషాల్లో ఆ లైసెన్సు పైకి తీసింది. తర్వాత పుస్తకంలో 'సీలు నేనే విప్పాను' అని రాసి సంతకం చేసింది.

"ఇక రాయండి సార్, మీ రిపోర్టు."

విల్యార్ ఆ వాక్యం చదివి, చాలాసేపు కలం ఆడించి, దాని కింద 'నా అనుమతితోనే' అని రాశాడు. అలాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు పనిచేసి ఆ మాత్రం రాయకపోతే ఎలా?

"పాపకి పళ్ళొచ్చాయా?" అంది రెమెడియోస్.

"వచ్చాయి మానాంగ్."

"అయితే ఫొటో మార్చు. పసుపు లైటు చూసి బండి ఉరికించకు."

అదే ఆమె ఆఖరి చీవాటు. ఐదింటికి కిటికీ రెక్క దించి, గొడుగు తీసుకుని, చెల్లెలు ఉంటున్న గిమారాస్ దీవికి పడవెక్కింది. పోతున్నానని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఎర్మినియో నిండు జీపు రోడ్డు పక్కన ఆపి వచ్చాడు. మూసిన రెక్క తట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. ఆఫీసు తెరిచేసరికి కిటికీ గట్టు మీద, అరటాకులో చుట్టిన బిబింకా రొట్టె ఇంకా వెచ్చగానే ఉంది.