పక్కూరి గోల్ కీపరు

పద్నాలుగేండ్లు మోక ఊరి ఫుట్‌బాల్ టీముకు హొన్నూరుస్వామే గోల్ కీపరు. పొద్దంతా మిరప చేన్లో కూలి పని, సాయంత్రమైతే హైస్కూలు బయల్లో ఆట. వాడు నిలబడితే గోలుకు తలుపేసినట్టే అనేవాళ్లు ఊర్లో. ముప్పైనాలుగు నిండినాక, టీము చూసుకునే కెంచప్ప ఇరవై ఏండ్ల ఇంద్రసేనను గోల్లో నిలబెట్టినాడు. హొన్నూరుస్వామి బయట కూర్చున్నాడు. ఒక్క మ్యాచు కాదు, ఏడాదంతా. చప్పట్లు కొట్టినాడే గానీ నోరెత్తి ఒక మాట అడగలేదు.

ఉగాది పోయిన వారానికి పక్కూరు రూపనగుడి టీము కెప్టెన్ గాళెప్ప బైకు మీద వచ్చినాడు.

"అన్నా, మా గోల్లో నిలబడేటోడు లేడు. నువ్వొస్తావా?"

మోకకూ రూపనగుడికీ పడదు. బంతి గీత దాటిందా లేదా అని ఎప్పుడో మొదలైన జగడం, పెండ్లి సంబంధాలు చెడేదాకా పోయింది. హొన్నూరుస్వామి తల్లి కరియమ్మను అడిగినాడు.

"ఏం చేయమంటావమ్మా?"

"మోకాళ్లు బాగుండాయా?"

"ఉండాయి."

"అయితే ఆడించేవాళ్ల దగ్గరికి పో. సుమ్నే, ఊరికే కూర్చుంటే తుప్పు పడతావు."

పోయినాడు. మర్నాటినుంచి వాడు టీ హోటల్లో అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. క్షౌరం చేసే నాగార్జున, "రూపనగుడిలో కత్తుల్లేవా?" అని కుర్చీ మీద గుడ్డ కప్పేసినాడు. తిన్నింటి వాసాలు లెక్కబెట్టే రకమని కెంచప్ప బస్టాండులో అందరూ వినేట్టు అన్నాడు. ఆ మాట హొన్నూరుస్వామికి ముల్లులా గుచ్చుకుంది. కానీ ఆదివారం గ్లౌజులు తొడుక్కుని గోల్లో నిలబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది.

కార్తీకంలో కప్పగల్లులో ఫుట్‌బాల్ పందేలు పెట్టినారు. ఫైనల్లో ఆ రెండూళ్లే ఎదురుపడినాయి. మోకనుంచి ట్రాక్టరు నిండా జనం వచ్చినారు. వాళ్ల మధ్యలో కరియమ్మ! హొన్నూరుస్వామి బంతి ముట్టినప్పుడల్లా "ద్రోహీ!" అని అరుపులు. ఆ అరుపుల్లోనే తల్లి గొంతు: "కొట్టండ్రా మోకా!" వాడికి నవ్వు ఆగలేదు.

రూపనగుడి ఒక గోలు ముందుంది. ఆఖరి నిమిషంలో మోకకు పెనాల్టీ దొరికింది. కొట్టడానికి యల్లేష్ వచ్చినాడు. వాడికి పెనాల్టీ నేర్పింది హొన్నూరుస్వామే. ఎడమకు చూడు, కుడికి కొట్టు, అని. ఈరోజు యల్లేష్ ఎటూ చూడలేదు, నేరుగా గురువు కండ్లలోకి చూసినాడు. 'నాకు తెలుసని వీడు పక్క మారుస్తాండాడు' అనుకున్నాడు హొన్నూరుస్వామి. యల్లేష్ ఎడమకే కొట్టినాడు. హొన్నూరుస్వామి అటే దూకినాడు. బంతి రెండు చేతులకూ తగిలి బయటికి పోయింది.

రూపనగుడోళ్లు వాడిని ఎత్తి తిప్పి దించేసరికి పొద్దు వాలింది. మోకకు పోయే బస్సు వెళ్లిపోయింది. గాళెప్ప బైకు తీస్తాంటే ట్రాక్టరు మీదనుంచి కరియమ్మ కేకేసింది.

"ఒరే, యాడికి? బండి ఈడుండాది, ఎక్కు!"

ట్రాక్టర్లోవాళ్లు అటూ ఇటూ మొగాలు తిప్పుకున్నారు. హొన్నూరుస్వామి కెంచప్ప వైపు చూసినాడు. కెంచప్ప మొగం మాడ్చుకునే పక్కకు జరిగినాడు.

"ఎక్కప్పా. నిన్ను వదిలేసి పోతే మీ అమ్మ మమ్మల్ని బతకనియ్యదు."

బండి కదిలినాక యల్లేష్ మెల్లగా అడిగినాడు. "ఎట్ల తెలిసింది అన్నా?"

"దొంగచూపు చూడకుండా నా మొగం చూసినావు కదప్పా, దొరికిపోయినావు."

అందరూ నవ్వినారు, యల్లేష్ కూడా. కెంచప్ప మాత్రం నవ్వలేదు. కొంచెం దూరం పోయినాక గొంతు సవరించుకున్నాడు.

"ఇంద్రసేనకు ఇంకా పక్కకు దూకేది సరిగా రాలేదు. పొద్దున పూట వచ్చి నేర్పిస్తావా?"

"నేర్పిస్తా. ఆదివారం మాత్రం రూపనగుడికే ఆడతా."

"ఆయ్తు బిడప్పా, అట్లే కానీ," అన్నాడు కెంచప్ప.

కరియమ్మ కొంగులో కట్టుకొచ్చిన బొరుగులు అందరికీ పంచింది. హొన్నూరుస్వామి అరచేతులు ఇంకా మండుతాండాయి. ఆ చేతుల్తోనే పిడికెడు తీసుకుని, చల్లగాలికి కాళ్లు చాపుకుని తింటా కూర్చున్నాడు.