మూడింటికి తెరిచే తలుపు

“తలకు నూనె గిట్ల పెట్టినవా బేటా?”

“సీదా నీళ్ళల్నుంచి పట్టుకొచ్చిన్రు సిస్టర్. నూనె ఎక్కడిది!”

అయినా నర్సు డోరా, స్ట్రెచర్ మీదున్న పృథ్వీ తల వంచి వాసన చూసింది. వాచీ విప్పించింది, మెడలో తాయెత్తు తీయించింది, ఆసుపత్రి నూలు బట్టలు తొడిగింది. గాలి ఒత్తిడి పెంచి ఆక్సిజన్ పట్టే ఆ ఇనుపగదిలోకి నిప్పురవ్వ పుట్టించేదేదీ వెళ్ళకూడదు. పదిహేనేళ్ళుగా రోజూ చేసే తనిఖీయే ఇది. ఈరోజు మాత్రం చేతులు ఇక్కడ పనిచేస్తున్నాయి గానీ, మనసు మూడో అంతస్తులో ఉంది.

అక్కడ ఆమె భర్త యెషయా ఉన్నాడు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి. ఇవాళో రేపో అని పొద్దున్నే డాక్టరు చెప్పేశాడు. డోరా సెలవు చీటీ రాసిచ్చి అతని పక్కనే కూర్చుంది. తొమ్మిదిన్నరకు ఓంప్రకాశ్ పరుగున వచ్చాడు. కింద ఆ ఇనుపగది బయట నిలబడి ఒత్తిడి పెంచేదీ తగ్గించేదీ అతనే.

“అక్కా, డైవింగ్ కేసొచ్చింది. పిలగానికి కాళ్ళు పడిపోయినయ్. ప్రిసిల్ల సిస్టర్‌కు జలుబు, చెవులు పట్టేసినయ్. ఇగ నువ్వే ఉన్నవ్.”

జలుబుతో ఆ ఒత్తిడిలోకి వెళితే చెవిలో పొర చిరుగుతుంది. రోగిని ఒంటరిగా పంపకూడదు. ఈ పని తెలిసిన మూడో మనిషి ఆసుపత్రిలో లేరు. డోరా యెషయా వైపు చూసింది. అతను ముక్కుకున్న గొట్టం సర్దుకుని, “పోయిరా. నేనేడికి పోతనే, ఈడనే ఉంట,” అన్నాడు. కూతురు హదస్సా తల్లి చెయ్యి పట్టుకుని వదల్లేదు. డోరాయే విడిపించుకుని కిందికి దిగింది.

దాదాపు ఐదు గంటల పని. ఆ ఐదు గంటల్లో యెషయా పోతాడేమో! ఆమె భయమంతా అదొక్కటే.

పృథ్వీకి జరిగిన ప్రమాదం ఎవరైనా వింటే నవ్వొచ్చేలాంటిది. శివార్లలోని పాత క్వారీ గుంటలో, లోతు నీళ్ళలో మనుషుల్ని కాపాడే శిక్షణ. ముప్పై ఐదు మీటర్ల అడుగున అరగంట ఉన్నాక, స్పృహ తప్పినట్టు నటించే జోడీని మధ్యమధ్య ఆగుతూ మెల్లగా పైకి తేవాలి. ఆ జోడీ అప్పుడే దిగినవాడు. నటన మరీ ఒళ్ళు మరిచి చేశాడు, వేలు కూడా కదపలేదు. పృథ్వీ నిజమేననుకున్నాడు. ఆగాల్సిన చోట్లన్నీ వదిలేసి అతన్ని లాక్కుని ఒక్క ఊపున పైకొచ్చేశాడు. అప్పుడే దిగిన జోడీకి ఏమీ కాలేదు, కళ్ళు తెరిచి నవ్వాడు; పృథ్వీ గట్టు మీద కూలబడ్డాడు. లోతులో రక్తంలో కరిగిన గాలి, మూత తీసిన సోడాలో మాదిరిగా బుడగలు కట్టింది.

ఇప్పుడతన్ని నీళ్ళు లేకుండానే మళ్ళీ లోతు నీళ్ళంత ఒత్తిడికి దింపి, గంటల తరబడి మెల్లగా పైకి తేవాలి. తోడు కూర్చున్న మనిషి రక్తంలోనూ గాలి కరుగుతుంది గనక, ఆ మనిషికీ నడుమ బయటపడే దారి లేదు; చివరి గంట తనూ ఆక్సిజన్ మాస్కు పెట్టుకోవాలి. డోరా కాప్రా చెరువులో మోకాలి లోతుకైనా దిగి ఎరగదు. యాభై ఆరేళ్ళ మనిషి, పొట్టి, వాచిన చీలమండలు. అయినా షుగరు పుండ్ల రోగుల పక్కన బెంచీ మీద కూర్చునే వేలసార్లు ఆ లోతులు చూసొచ్చింది. బయటికెళ్ళాక రోగులకు గుండ్రటి కిటికీ గుర్తుంటుంది, చెవినొప్పి గుర్తుంటుంది. డోరా గుర్తుండదు.

పదింపావుకు తలుపు మూశారు. గాలి హోరుమని చొరబడింది. గది వేడెక్కింది. పద్దెనిమిది మీటర్ల లోతంత ఒత్తిడని ముల్లు చూపేసరికి పృథ్వీ పాదాల్లో చీమలు పాకడం మొదలైంది. పదకొండింటికి వేళ్ళు కదిలాయి. అంతే, మాస్కు పీకేశాడు.

“నాకు తగ్గింది! తెరువున్రి! ఊపిరాడ్తలేదు!”

గాలే లోపల్నుంచి నొక్కి పట్టిన తలుపది, పదిమంది గుంజినా రాదు. అయినా అతను లేవబోయాడు. డోరా తన బరువంతా అతని భుజాల మీద వేసింది.

“ఇప్పుడు తెరిస్తే నీ కాళ్ళు మల్ల పోతయ్, నాయి సుత పోతయ్. నాకు పైన పనుంది బేటా, నా కాళ్ళు నాకు గావాలె. జెర పండుకో. నాతోని లెక్కవెట్టు. ఒకటి...”

నలభై దాకా లెక్కపెట్టాక అతను మాస్కు పెట్టుకున్నాడు.

అరగంటకోసారి ఓంప్రకాశ్ పైకి ఫోను చేసి, కిటికీ అవతల బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. పన్నెండింటికి తొమ్మిది మీటర్లకు వచ్చారు. ఒంటిగంటన్నరకు కూడా వేలు లేచింది. రెండింటికి లేవలేదు. ఎప్పుడూ నిలబడే ఉండే మనిషి కుర్చీ లాక్కుని తల దించుకుని కూర్చున్నాడు.

“ఓంప్రకాశ్, ఫోన్ చేసినవా?”

మైకు గరగరలాడింది. “నీ మాస్కు టైమైంది అక్కా, పెట్టుకో.”

“పెట్టుకుంటే మాట్లాడరాదు. ముందుగాల చెప్పు.”

“పావుగంటైంది అక్కా. నిద్రల్నే పోయిండు. తక్లీఫేం పడలేదంట.”

డోరాకు కోపం వచ్చింది. ఎక్కడికీ పోనన్నాడు కదా!

పృథ్వీ అంతా విన్నాడు. మాస్కు తీసి కిటికీ వైపు అరిచాడు. “సార్, తెరువున్రి! నాకు మంచిగనే ఉంది. గంట తక్కువైతే ఏం గాదు. సిస్టర్‌ను పోనియ్యున్రి!”

ఓంప్రకాశ్ లేచాడు. అతని చెయ్యి గాలి వదిలే వాల్వు మీదికి వెళ్ళింది. డోరా అరచేత్తో అద్దం మీద ఫట్టుమని కొట్టింది.

“చెయ్యి తియ్యి! తెరవమని నేనన్ననా? మూడింటికే తెరువు.”

తర్వాత పృథ్వీ మాస్కు తనే సరిచేసింది. “ఒకల్ని కాపాడాలని పొద్దుగాల తొందరపడ్డవు. సాలు. పైన ఆయనకు ఇప్పుడు తొందర లేదు బేటా.”

తన మాస్కు తగిలించుకుంది. ఏడిస్తే అంచు జారి ఆక్సిజన్ బయటికి పోతుంది. రెండు చేతులతో అదిమిపట్టుకుని మరీ ఏడ్చింది. చివరి అరగంటలో ఒత్తిడి దిగుతుంటే గది చల్లబడి పొగమంచు కమ్మింది. ఆ మసకలో పృథ్వీ ఆమె నూలు చీర కొంగు పట్టుకుని మూడింటి దాకా వదల్లేదు. తలుపు తెరుచుకున్నప్పుడు తన కాళ్ళ మీదే నిలబడ్డాడు.

డోరా పైకి వెళ్ళింది. యెషయా మీద తెల్లదుప్పటి కప్పి ఉంది. ముప్పై ఏళ్ళ రైల్వే వర్క్‌షాపు మోత తినేసిన చెవులవి. అలవాటు కొద్దీ దగ్గరికి వంగి, గట్టిగానే అంది. “ఏమయ్యా, నేనొచ్చిన.”

“లొల్లికి నిద్ర పడ్తలేదని చెవి మిషన్ తీసిండు మమ్మీ,” అంది హదస్సా. “మమ్మీ వచ్చినంక పెట్టు అన్నడు.”

ఆపాలని ఎవరికీ తోచలేదు. స్టూలు మీది స్టీలు గిన్నెలో చిక్కుడు గింజంత మిషన్ ఇంకా ఆన్‌లోనే ఉంది, సన్నగా కూస్తోంది.