వెళ్ళొస్తానన్న గొంతు

నేను ఒక మైకుని. పుట్టింది ఎక్కడో పరాయి దేశంలో అయినా, మాటలు నేర్చింది మాత్రం కృష్ణానగర్ సందులోని డబ్బింగ్ థియేటర్లో. ఇంగ్లీషులో తిట్టుకునేవాళ్ళు, చైనా భాషలో తన్నుకునేవాళ్ళు నా ముందుకొచ్చేసరికి తెలుగువాళ్ళయిపోయేవారు.

వాళ్ళందరికీ గొంతులిచ్చిన మనుషుల్లో నాకు ఇష్టమైనది హైమవతి. నా ముందుకు వచ్చేటప్పుడు చెప్పులు విప్పేది. బుగ్గన పటికబెల్లంతో రెండు మిరియాలు పెట్టుకునేది. ఆ ఘాటు జల్లెడలాంటి నా మూతికి తగిలితే ఆ రోజు నాకు పండగే.

'ఉక్కు కావలి' అనే విదేశీ సినిమాలో ఒక ఊరిని కాపాడే ఇనప ఆడమనిషికి ఆవిడ గొంతు ఇచ్చింది. చివర్లో ఆ ఇనప మనిషి తెగుతున్న ఆనకట్టకు అడ్డుపడటానికి నీళ్ళలోకి దిగుతూ ఊరివాళ్ళతో ఒకే మాట అంటుంది. కాగితంలో 'వెళ్తున్నాను' అని ఉంది.

"గడప దాటేటప్పుడు వెళ్తున్నానంటారా ఎవరైనా? వెళ్ళొస్తాననాలి," అంది హైమవతి.

"పెదాలు కలవవక్కా," అన్నాడు అద్దం అవతలి నుంచి ఇంజనీరు ప్రభుదాసు.

"ఇనప మూతికి పెదాలెక్కడ ఏడ్చాయిరా?"

అతను నవ్వాడు. మాట మారింది. ఆ మాటకు ముందు ఆవిడ చిన్నగా ఊపిరి పీల్చింది. ఇనుము ఊపిరి పీల్చదని ఎవరికీ తోచలేదు. హాళ్ళలో జనం ఏడ్చారట.

మూడేళ్ళకు రెండో భాగం వచ్చింది. పోరాటాలు రెట్టింపు, మాటలు సగం. 'వెళ్ళొస్తానంది, వచ్చింది!' అని పోస్టర్ల మీద వేశారు. కథ పలచబడినా జనం ఆ మాట కోసం చివరిదాకా కూర్చున్నారట.

మూడో భాగానికి పదకొండేళ్ళు పట్టింది. ఈలోగా హైమవతి గొంతుకు ఆపరేషన్ అయింది. అయినా కబురందగానే మిరియాల పొట్లంతో వచ్చింది. ఆ మాట తొమ్మిదిసార్లు చెప్పింది. తొమ్మిదిసార్లూ గొంతు చిరిగింది. నాకైతే ఆ చిరుగే నచ్చింది. రెండుసార్లు మునిగి తేలిన ఇనుముకు ఆపాటి తుప్పు ఉండదా? కానీ మైకును అడిగేదెవరు?

ప్రభుదాసు తల వంచుకున్నాడు. "పాత భాగాల్లోని నీ గొంతుతో ఈ మాటను సినిమావాళ్ళు కంప్యూటర్లో ముందే చేయించి పెట్టుకున్నారక్కా. నీకు కుదరకపోతే అదే వాడతారట. ఒక్కసారి విను."

ఆవిడ విన్నది. తెరమీద ఇనప మనిషి మునుపటికంటే ఎంతో తళతళలాడుతోంది. గొంతు హైమవతిదే. వయసు కూడా అప్పటిదే. ఎక్కడా తొట్రుపాటు లేదు. మాటకు ముందు ఊపిరీ లేదు.

"బాగుందిరా. నాకన్నా శుభ్రంగా చెప్పింది."

మిరియాలు కాగితంలోకి ఉమ్మేసి చెప్పులు వేసుకుంది. నన్ను ఆపడం ప్రభుదాసు మరిచిపోయాడు. ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తలుపు దగ్గర ఆగి ఆవిడ చిన్నగా ఊపిరి పీల్చింది.

"ప్రభూ, వెళ్తున్నా."

"అదేం మాటక్కా!" అంటూ అతను లేచేలోపు తలుపు మూసుకుంది.

ఇప్పుడు నేను బీరువాలో ఉంటున్నాను. మూతి మీద మిరియాల ఘాటు ఇంకా పోలేదు.