సాక్ష్యం చెప్పిన పాపానికి

మా నాన్న బాబూరావు తాపీ మేస్త్రి. నరసరావుపేటలో మా చర్చి ప్రహరీ గోడ కూలి తీసుకోకుండా కట్టాడు. ఆ మనిషికి గొంతులో క్యాన్సర్ అని ఎనభై ఆరు ఫిబ్రవరిలో గుంటూరు పెద్దాసుపత్రిలో తేల్చారు. ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టాలి, పక్కన మనిషి ఉండాలి అన్నారు. అమ్మ లేదు. ఉన్నది నేనొక్కదాన్ని.

నేను మిషన్ బడిలో టీచర్ని. ఆ బడికి కరస్పాండెంటూ, మా చర్చికి పాస్టరూ ఒకరే, ఐజాక్ అయ్యగారు. ఉద్యోగం పోకుండా నాకు ఆరు వారాల సెలవు కావాలి. గుంటూరులో తిండికీ, గదికీ సంఘం సహాయనిధి నుంచి కొంత కావాలి. రెండింటికీ ఆయన సంతకమే దిక్కు.

మొదట సరేనన్నారు. సంఘమంతా మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. చివరి రోజు, "దేవుడు చేసిన మేలుకి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అని అయ్యగారు అడగ్గానే మా నాన్న లేచాడు.

"తగ్గిపోయిందండీ. ప్రభువు నన్ను ముట్టాడు," అన్నాడు బొంగురు గొంతుతో.

ఒకటే స్తోత్రాలు, చప్పట్లు. నేను చాప అంచు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

సోమవారం సెలవు అర్జీ తీసుకెళితే అయ్యగారు దాన్ని నా వైపే తోశారు.

"స్వస్థత వచ్చిందని మీ నాన్నే చెప్పాడు కదమ్మా. ఇంకా సెలవెందుకు? నిధిలోంచి తీసిస్తే నలుగురూ ఏమనుకుంటారు? ఇది నీ అవిశ్వాసం."

బయటికొచ్చి ఏడవలేదు. ఏడ్చేంత మంచిదాన్ని కాను. ఇంటికెళ్లి నాన్న మీద విరుచుకుపడ్డాను.

"నీకు నోరెట్టా వచ్చింది నాన్నా? ముద్ద దిగట్లేదు గదా!"

"ఆ పూట నొప్పి లేదే. ముసలోళ్లు, పిల్లతల్లులు నా కోసరం మూడు రోజులు కడుపు మాడ్చుకున్నారు. తగ్గలేదని వాళ్ల మొహాన ఎట్టా చెప్పేది?"

పోనీ ఇప్పుడైనా వెళ్లి చెప్పమంటే వినడు. చెబితే దేవుడి మాట పోతుందట. దేవుడి పరువు కాపాడే పని ఈయనకి ఎవరు అప్పగించారో! ఒక మొహమాటానికి మనిషి ప్రాణం పోవాలా? ఆ వారమంతా నాకు కోపంతో అన్నం సయించలేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను.

"మా నాన్నకి తగ్గలేదు. మీరంతా పస్తున్నారని మొహమాటపడి తగ్గిందన్నాడు. ఇయ్యాల పొద్దున తాగిన మంచినీళ్లు ముక్కులోంచి వచ్చినయ్."

నాన్న తల దించుకున్నాడు.

"కూర్చో రాహేలూ. ప్రార్థన చేద్దాం," అన్నారు అయ్యగారు.

"ప్రార్థన తర్వాత చేద్దామండీ. ముందు సంతకం పెట్టండి."

వెళ్లి సెలవు అర్జీనీ, నిధి కాగితాన్నీ ఆయన బైబిలు పక్కన పెట్టాను. మగవాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇన్నేళ్లు అన్నా, బావా అని మా నాన్న చేత పని చేయించుకున్న వాళ్లే అందరూ. ఆడవాళ్ల వైపు నుంచి మిరపకోతలకి పోయే హన్నమ్మ పెద్దమ్మ లేచింది.

"మూడు రోజులు పస్తున్నది మేం అయ్యగారూ. ఆ మనిషి బతకాలని ఉన్నాం గానీ, ఆయన సాక్ష్యం కోసరమా? ఆడపిల్ల అడగతా ఉంటే ఏంది ఆలోచన? పెట్టండి."

ఆమె పక్కన మరో ఇద్దరు లేచారు. కాసేపటికి చాపల మీద కూర్చున్న ఆడవాళ్లే లేరు. అయ్యగారు జేబు తడుముకుని పెన్ను తీశారు. సెలవు కాగితం మీదా, నిధి కాగితం మీదా గీకి ఇచ్చారు. నా మొహం చూడలేదు. నేనూ థాంక్స్ చెప్పలేదు.

మర్నాడు బస్టాండులో, గుంటూరు బస్సు ఎక్కబోతూ నాన్న ఆగాడు.

"అంతమందిలో నన్ను అబద్ధాలకోరుని చేశావు గదే," అన్నాడు.

నాకు మళ్లీ ఒళ్లు మండింది.

"చేశా. ఆరు వారాలైనాక నీ కాళ్ల మీద నడిచొచ్చి, అందరి ముందరా నన్ను అబద్ధాలకోరుని చెయ్యి. ఆ మాట పడతా నాన్నా."