బతిమాలించుకుందామని

గేటు చప్పుడు కాగానే మీరా సాహెబ్ టీ గ్లాసుతో సహా వంటింట్లోకి దూరి, బియ్యం డ్రమ్ము వెనక కూలబడ్డాడు.

"నేను లేనని చెప్పు," అన్నాడు భార్యతో.

"ఎవరో చూడకుండానేనా?" అంది షహనాజ్.

"ఇన్నయ్య బావే. ఓటు కోసం వచ్చుంటాడు. పొద్దున ఒకసారి వచ్చాడుగా, ఇంకోసారి రానీ. ఊరికే దొరికితే మనకు విలువేముంటదే?"

షహనాజ్ వాకిట్లోకి వెళ్ళింది. "ఇంకా రాలేదన్నా. చిలకలూరిపేట పోయారు."

"ఫోను కూడా కట్టేసుంది తల్లీ. వస్తే నాకు ఫోన్ చెయ్యమను, తొందర పని," అని ఇన్నయ్య వెళ్ళిపోయాడు.

మీరా సాహెబ్‌ది మోటార్ల వైండింగ్ షాపు. అతని వైండింగుకు గ్యారంటీ ఉంది గాని కబుర్లకు ఎండింగు లేదు. మైనారిటీల తరఫున మండల పరిషత్తులో కోఆప్టెడ్ సభ్యుడయ్యాక మరీను. కాలిన మోటారు తెచ్చిన రైతు, అది బాగయ్యేలోపు పరిషత్తు చరిత్రంతా వినాల్సిందే. మొదట సమితి, తాలూకాలు పోయాక మండలం, మొన్న గుంటూరు నుంచి విడిపోయి పల్నాడు జిల్లా. "మండలమంటే ఏందనుకున్నావు? ఎండలకు మండుద్ది, ఎన్నికలకు ఇంకా మండుద్ది," అని తనే నవ్వేవాడు. "ఊళ్ళల్లో గెలిచినోళ్ళు బోలెడు మంది. మైనారిటీల నుంచి ఒకే ఒక్కడు. ఆ ఒక్కణ్ణి నేను."

ఆ ఒక్కడి పేరు సభలో ప్రతిపాదించి, తోటి సభ్యుల చేత చేతులెత్తించింది ఇన్నయ్యే.

ఇప్పుడు అధ్యక్ష పదవి ఖాళీ అయింది. బరిలో ఇన్నయ్య ఒకవైపు, త్రికోటేశ్వరరావు మరోవైపు. బలాలు ఇంచుమించు సమానం. "పదవి వాళ్ళది, పెదవి మనది. మనం ఊ అంటేనే వాళ్ళకు కుర్చీ," అని మీరా సాహెబ్ ధీమా. త్రికోటేశ్వరరావు అసలు గుమ్మమే తొక్కలేదు. తెలివైనవాడు, ఆఖర్న వస్తాడులే అనుకున్నాడు.

ఎన్నిక రోజున మీరా సాహెబ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని సభలో కూర్చున్నాడు. చివరికి మనసు పెద్దది చేసుకున్నాడు కూడా. ఎన్నికల అధికారి ఇన్నయ్య పేరు చదవగానే, అందరికంటే ముందు లేచింది మీరా సాహెబ్ చెయ్యే.

"సాహెబ్ గారూ, చెయ్యి దించండి. ఈ ఎన్నికలో గెలిచిన సభ్యులకే ఓటు. కోఆప్టెడ్ వాళ్ళకు లేదండి," అన్నాడు అధికారి.

"ఇన్నేళ్ళుగా మాకు చరిత్ర చెప్పావు గదయ్యా. ఈ ముక్క చదవలా?" అన్నాడు త్రికోటేశ్వరరావు. సభంతా ఘొల్లుమంది. ఇన్నయ్య నవ్వలేదు.

లేచిన చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తల గోక్కున్నట్టు దించుకున్నాడు మీరా సాహెబ్. ఇన్నయ్య ఒక్క చెయ్యి తేడాతో ఓడిపోయాడు.

బయట కుళాయి దగ్గర ఇన్నయ్య మొహం కడుక్కుంటున్నాడు.

"బావా, నాకు ఓటు లేదని నీకు తెలుసా?"

"నీ పేరు పెట్టినోణ్ణి, తెలవకుండా ఉంటదా?"

"మరి రెండుసార్లు ఇంటికెందుకొచ్చావు?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఇన్నయ్య మాత్రం ఆశ్చర్యపోలేదు.

"బోరు మోటారు కాలిపోయింది. మొక్కజొన్న పాలు పోసుకుంటంది, తడి లేకపోతే గింజ కట్టదు. నీ చేత చుట్టిద్దామని వచ్చా. నువ్వు లేవంటే నరసరావుపేటలో ఇచ్చా. వాళ్ళింకా ఇయ్యలా."

"పైరు?"

"సగం వాడింది."

మీరా సాహెబ్ కుళాయి కట్టేశాడు. అది కట్టేసే ఉంది.

"ఆ రోజు నీ చెప్పులు గుమ్మంలోనే ఉన్నయ్ బావా," అన్నాడు ఇన్నయ్య కండువాతో మొహం తుడుచుకుంటూ. "ఇంట్లో ఉండే లేవనిపించావని తెలుసు. నావల్ల ఏం తప్పు జరిగిందా అని అప్పటి నుంచీ చానా ఆలోచించా. ఏందో ఇప్పుడన్నా చెప్పు."

మాటలతో ఊరిని చుట్టబెట్టే మనిషికి ఇదో లెక్క కాదు. కోపమొచ్చిందని అబద్ధమాడితే సరిపోతుంది. ఆ అబద్ధం కూడా ఇన్నయ్య నెత్తినే పడుతుంది.

"నువ్వేం చెయ్యలా," అన్నాడు నేల చూస్తూ. "ఇంకోసారి వచ్చి నన్ను బతిమాలతావేమోనని చూశా."

ఇన్నయ్య కండువా భుజాన వేసుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు. ఎప్పుడూ వెనక సీటు మీద తట్టి ఎక్కమనేవాడు. ఇవాళ తట్టలేదు. ఎక్కనా అని అడగడానికి మీరా సాహెబ్‌కు మొహం చెల్లలేదు.