అయిదుగురికి ఒకడు

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నలభై రెండు నిమిషాలకు, బతాంగాస్ ప్రాంతంలోని మాలిగాయా గ్రామం బాస్కెట్‌బాల్ కోర్టులో ఆర్నెల్ దిమాయుగా ఎడమ మడమ వెనక నరం తెగింది. అతన్ని ఎవరూ తాకలేదు. లీగ్ సీజన్ మొదలవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

ఆ సమయానికి అతని కోచ్ సెవెరినో అగ్పాలో మనీలా పక్కన మరికీనాలో, తమ్ముడి మనవరాలి జ్ఞానస్నానం విందులో ఉన్నాడు. చేతిలో పళ్లెం ఉంది. పక్కన బావమరిది రోకె ఉన్నాడు.

“ఏం బావా, ఈ ఏడైనా ఆఖరి స్థానం ఖాళీ చేస్తారా? నాలుగేళ్లుగా అక్కడే కాపురం పెట్టారు.”

“ఈసారి దిమాయుగా ఉన్నాడురా. కూర్చుని చూడు.”

“మిగతా నలుగురూ కూర్చునే చూస్తారటగా! ఆడేది వాడొక్కడేనంట.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సెవెరినో కూడా నవ్వాడు. మూడు యాభై ఒకటికి అతని ఫోన్ మోగింది. సహాయ కోచ్ పిడో.

“కోచ్, చూశారా?”

“ఏంటి?”

“చూడకండి. కాదు, చూడండి. పంపిస్తున్నా. నేను... మీరే చూడండి.”

వీడియో నలభై ఒక్క సెకన్లుంది. రేకుల కప్పు కింద సిమెంటు కోర్టు, పైన పండగ తోరణాలు. ఆర్నెల్ దిమాయుగా ఆ ఊరి పసుపు బనీను వేసుకున్నాడు. అది అతనికి బొడ్డు దాకానే వచ్చింది. కుడివైపు బంతి అందుకున్నాడు. రెండుసార్లు నేలకు కొట్టాడు. ఎడమ కాలు ఊని పైకి లేవబోయాడు. ఒళ్లు లేవలేదు. అతను ఆగి వెనక్కి తిరిగి, తనను తన్నిందెవరా అని చూశాడు. రెండు గజాల దూరం వరకూ ఎవరూ లేరు. అప్పుడు నేల మీద కూర్చున్నాడు.

మైకు పట్టుకున్న మనిషి, “ఎవడ్రా మన హీరోని తన్నింది? చేతులెత్తండి!” అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు తొమ్మిది సెకన్లు సాగింది. తర్వాత వీడియోలో మాటలు లేవు.

సెవెరినో మూడుసార్లు చూశాడు. మూడోసారి కూడా అతని కళ్లు ఆర్నెల్ వెనకే వెతికాయి, తన్నినవాడి కోసం. పళ్లెం వంగి నూడుల్స్ చొక్కా మీద పడ్డాయి. రోకె పళ్లెం అందుకుని, “ఎవరు బావా పోయింది?” అని అడిగాడు. సెవెరినో ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

చేపల డబ్బాలు అమ్మే సంస్థ నడిపే సెవెరినో జట్టు, లాయాగ్ సార్డిన్స్, నాలుగు సీజన్లు వరసగా ఆఖరున నిలిచింది. కిందటి ఏప్రిల్‌లో సెవెరినో అయిదుగురు ఆటగాళ్లను ఇచ్చేసి ఒక్క దిమాయుగాను తెచ్చుకున్నాడు. రాబోయే రెండేళ్లలో లీగ్‌లోకి వచ్చే కొత్త ఆటగాళ్లను ముందుగా ఎంచుకునే హక్కునూ వదులుకున్నాడు. ఇచ్చేసిన అయిదుగురిలో తొమ్మిదేళ్లు కెప్టెన్‌గా ఉన్న బోంగ్ లక్సమానా ఒకడు. వెళ్లేరోజు లక్సమానా మేకుకున్న తన తువ్వాలు తీసుకుని కోచ్ దగ్గరికి వచ్చాడు.

“అయిదు వేళ్లిచ్చి ఒక పిడికిలి కొన్నారు కోచ్. దేంతో ముడుస్తారు?”

సెవెరినో పనిలో పడ్డాడు. దిమాయుగా మీదికి ఇద్దరు వచ్చినప్పుడు మూలన నిలబడి బంతి వేయగలిగినవాళ్లు కావాలి. అలాంటివాళ్లను ఆరుగుర్ని తెచ్చాడు. దిమాయుగాకు ఎవరి పాస్ నప్పుతుందో అడిగి అతన్నీ తెచ్చాడు. నలభై మూడు ఎత్తులు కొత్తగా గీశాడు. అందులో ముప్పై ఎనిమిది దిమాయుగా చేతిలో ముగుస్తాయి. యజమానుల సమావేశంలో ఒకరు, “వాడికి దెబ్బ తగిలితే?” అని అడిగారు. “దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే కంటికి రెప్పలా చూసుకుంటాను” అన్నాడు సెవెరినో. ఆ మాటను మినిట్స్‌లో రాసుకున్నారు.

దిమాయుగా మూడేళ్ల ఒప్పందంలో ఒక షరతు ఉంది. కోచ్ రాతపూర్వక అనుమతి లేకుండా బయట ఎక్కడైనా ఆడి గాయపడితే సంస్థ ఒప్పందాన్ని రద్దు చేయవచ్చు.

సాయంత్రం ఆరూ అయిదుకు సెవెరినో, ఆర్నెల్‌ను చేర్చిన లిపా ఆసుపత్రికి చేరాడు. చొక్కా మార్చుకోలేదు. రెండో అంతస్తు వరండాలో మాలిగాయా గ్రామ పెద్ద గోడో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఆయన్ని కప్ అంటుంది. ఆయన ఒళ్లో ఆర్నెల్ బూట్లున్నాయి.

“రండి కోచ్. భోంచేశారా?” అన్నాడు కప్ గోడో.

“పండగ పోటీ మొదలుపెట్టడానికి బంతి ఎగరేసి వచ్చేస్తానన్నాడు నాతో. ఎగరేయడం ఒక్కటే అన్నాడు.”

“ఎగరేశాడు. బాగానే ఎగరేశాడు.”

“మరి?”

“మావోళ్లు నలుగురే వచ్చారు కోచ్. అయిదోవాడు తోతోయ్ పందిని కాలుస్తున్నాడు. తిప్పడం ఆపితే మాడిపోద్ది, నేను రానన్నాడు. పావుగంటలో అయిదుగురు నిలబడకపోతే అవతలోళ్లు గెలిచినట్టే. పక్కూరోళ్లు కోచ్! పండగపూట! మా కోర్టులో!”

“అందుకని?”

“నేనే అన్నా. ఒరే అబ్బాయ్, ఊరికే పది నిమిషాలు నిలబడు, పరిగెత్తకు అని. వాడి జ్ఞానతండ్రిని నేను. నా మాట ఎట్టా తీసేస్తాడు?”

“వాడు నిలబడే రకమా కప్?”

“కాదు.” కప్ గోడో బూట్ల వైపు చూశాడు. “పన్నెండింటిదాకా కోర్టులో వడ్లు ఆరబోసున్నాయి. రెండుసార్లు ఊడిపించా. జారి కాదు కోచ్, ఒట్టు. జారలేదు.”

“జారలేదు. చూశాను.”

“అయినా మీరు ఒప్పుకున్నారు గదా. లేకపోతే నేను అడిగేవాణ్నా?”

“ఏం ఒప్పుకున్నాను?”

కప్ గోడో సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో గ్రామ కార్యాలయం ముద్రతో ఒక కాగితం ఉంది. మూడు వరుసలు టైపు చేసి ఉన్నాయి. బంతి ఎగరేసే కార్యక్రమంలోనూ, తదుపరి జరుగు ఆటలోనూ ఆర్నెల్ దిమాయుగా పాల్గొనుటకు అనుమతించగలరని. కింద ‘అనుమతించడమైనది’ అని ఉంది. దాని కింద సెవెరినో సంతకం, గురువారం తేదీ.

పండగల నెలలో ఇలాంటి కాగితాలు వారానికి ఎనిమిదో పదో వస్తాయి. బంతి ఇవ్వండి, బహుమతులు పంచడానికి రండి, ఆటగాణ్ని పంపండి. స్కోరు రాసే బల్ల మీద పెట్టి, ఎవరితోనో మాట్లాడుతూ సంతకం చేసేస్తారు. లీగ్‌లో ఏ కోచ్ కూడా వాటిని చదవడు. ఊరి పండక్కి పిలిస్తే కాగితం తిరగేసి చూసినవాణ్ని మనిషిగా లెక్కపెట్టరు. గురువారం సెవెరినో ఆర్నెల్‌తో, “బంతి ఎగరేసి వచ్చెయ్” అంటూనే పెన్ను పెట్టాడు.

ఇప్పుడు చదివాడు. మళ్లీ చదివాడు. కప్ గోడో చెయ్యి చాచి కాగితం తీసుకుని మళ్లీ కవరులో పెట్టాడు.

“కూర్చోండి కోచ్.”

సెవెరినో కూర్చోలేదు. గదిలోకి వెళ్లాడు.

ఆర్నెల్ కాలికి పిక్క దాకా కట్టు కట్టారు. మంచం చాలక కాళ్ల దగ్గర కుర్చీ వేశారు. అతనికి ఇరవై ఏడేళ్లు. నరం పూర్తిగా తెగిందనీ, పది నెలలకు తక్కువ పట్టదనీ డాక్టర్ చెప్పి వెళ్లాడు.

“ఎవరో వెనకనుంచి తన్నారనుకున్నా కోచ్. ఇప్పటికీ అట్లాగే ఉంది.”

“ఎవరూ లేరు.”

“తెలుసు. వీడియో చూశా. అటార్నీ ఫోన్ చేసింది.”

అటార్నీ అంటే లాయర్ కన్సొలేషన్ టియోంగ్సన్. సంస్థ తరఫున జట్టు వ్యవహారాలు చూసేది ఆమే.

“ఏం చెప్పావు?”

“ఎవర్నీ అడగలేదన్నా. నా అంతట నేనే వెళ్లానన్నా.”

“ఆ కాగితం?”

“కప్‌ను చించెయ్యమన్నా. చించాడా?”

“లేదు.”

“ఆయన గుడ్డ పేలిక కూడా పారెయ్యడు.” ఆర్నెల్ నవ్వబోయి ఆపేశాడు.

“అనుమతి లేదంటే ఒప్పందం తీసేస్తారు. తెలుసా నీకు?”

“తెలుసు.”

“తెలిసే చెప్పావా?”

“నేనెట్లాగూ ఈ ఏడు ఆడను. మీరూ పోతే జట్టులో మిగిలిన ఆ పదముగ్గురినీ చూసేదెవరు? వాళ్లలో సగం మంది నా కోసం వచ్చినోళ్లే కదా.”

“మీ ఆవిడ ఐలీన్‌కు చెప్పావా?”

“చెప్పలేదు. ఏడో నెల. పొద్దున చెబుతా.”

సెవెరినో కిటికీ దగ్గరికి వెళ్లి మళ్లీ వచ్చాడు. ఏదో అడగాలనుకున్నాడు. “భోంచేశావా?” అని అడిగాడు.

బయటికి వచ్చి చెయ్యి చాచాడు. “ఆ కాగితం నాకివ్వండి.”

కప్ గోడో కవరును గుండెకు ఆనించుకున్నాడు. “ఇది ఒక్కటే ఉంది కోచ్. కాపీ తీయలేదు.”

“ఇవ్వండి.”

“చించడానికా? వాడు నా బిడ్డ లాంటోడు. అడుగుతున్నా, చెప్పండి. చించడానికేనా?”

“ఇంకా తెలీదు” అన్నాడు సెవెరినో.

కప్ గోడో కవరును రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు.

సోమవారం ఉదయం పది గంటలకు అటార్నీ టియోంగ్సన్ తన గదిలో సెవెరినో ముందు ఒక కాగితం పెట్టింది. ఆటగాడు కోచ్ అనుమతి లేకుండా బయటి ఆటలో పాల్గొన్నాడని అందులో ఉంది.

“సంతకం పెట్టు సెవ్. వాడి చోట్లో ఇద్దర్ని తెచ్చుకోవచ్చు. సీజన్ నిలబడుతుంది. నువ్వూ నిలబడతావు.”

సెవెరినో కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మొదటి వరుస నుంచి ఆఖరిదాకా చదివాడు.

“నువ్వు కాగితం చదవగా చూడ్డం ఇదే మొదలు” అందామె.

అతను జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివింది.

“ఇది ఇంకెవరి దగ్గరైనా ఉందా?”

“లేదు.”

“మరి ఎందుకు తెచ్చావయ్యా?” ఆమె గొంతు పెరిగింది. “వాడు తన నోటితో తానే చెప్పాడు, అనుమతి లేదని! నిన్నెవరడిగారు?”

“ఎవరూ అడగలేదు.”

“ఇది చూశాక వాణ్ని తీసేయలేను. నిన్ను ఉంచలేను. అర్థమవుతోందా?”

“అవుతోంది.”

“చదివే పెట్టావా సంతకం?”

“చదవలేదు.”

“ప్రకటనలో అట్లా రాస్తే ఈ దేశంలో నిన్ను ఎవడూ కోచ్‌గా పెట్టుకోడు.”

“అట్లాగే రాయండి అటార్నీ.”

ఆమె ఫోన్ అందుకుంది. ఎవరికి చేయాలో తోచనట్టు దాన్ని చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

సంస్థ ప్రకటన పదకొండూ నలభైకి వచ్చింది. అందులో ఒకే వాక్యం ఉంది. ప్రధాన కోచ్ సెవెరినో అగ్పాలో రాజీనామాను ఆమోదించారు. కారణం రాయలేదు. మధ్యాహ్నం మూడింటి ప్రాక్టీసును పిడో నడిపాడు. పదముగ్గురూ వచ్చారు.

ఆర్నెల్ దిమాయుగాకు ఆపరేషన్ మంగళవారం ఉదయం ఏడున్నరకు మొదలై తొమ్మిదీ పదికి ముగిసింది. ఆ సమయానికి అతని ఒప్పందం అమలులో ఉంది.